వైతరణికి ఇవతలి గట్టు

"దింపుడు కళ్ళం ఆశ" అన్న మాట వినని తెలుగువాడుండడు. ఓడిపోవడం ఖాయమైన ఎన్నికలో అభ్యర్థికీ, తప్పడం ఖాయమైన పరీక్షలో విద్యార్థికీ మిగిలే ఆశను మనం ఆ పేరుతోనే పిలుస్తాం. కాని ఆ మాట పుట్టిన సందర్భాన్ని కళ్ళారా చూచినవారు ఈ తరంలో తక్కువ. శ్మశానానికి చేరేలోగా పాడెను ఒకచోట నేలమీద దింపుతారు. అయినవాళ్ళు శవం చెవిదగ్గర వంగి, చనిపోయిన మనిషిని పేరుతోనో వరుసతోనో ముమ్మారు పిలుస్తారు. పలుకుతాడేమోనని. పలకడు. పాడె మళ్ళీ లేస్తుంది. కళ్ళం అంటే ధాన్యం నూర్చి, తూర్పారబట్టే చోటు. వరి తప్ప మరో ధ్యాస లేని గోదావరి సీమలో మనిషి ఆఖరి మజిలీకి ఈ పేరు ఎంత సహజంగా అమరిందో చూడండి.

ఈ మూడు పిలుపులు మనకొక్కరికే సొంతమని చాలామంది అనుకుంటారు. హోమరు ఒడిస్సీ కావ్యం తొమ్మిదవ సర్గలో, ట్రాయ్ యుద్ధం ముగించుకొని ఇంటిదారి పట్టిన ఒడిస్యూస్ మొదట కికోనులనే వారి ఊరిమీద పడి దోచుకుంటాడు. వాళ్ళు తిరగబడితే ఒక్కొక్క ఓడకు ఆరుగురు చొప్పున తనవాళ్ళను పోగొట్టుకొని పారిపోతాడు. శవాలను తెచ్చుకొనే వ్యవధి లేదు. అంత తొందరలోనూ, చనిపోయిన ఒక్కొక్కరినీ పేరుపెట్టి ముమ్మారు పిలిచేదాకా ఓడలు కదలలేదని కవి చెబుతాడు. పరాయి నేలమీద పడిపోయిన ప్రాణాలను సొంత ఊరికి వెంట రమ్మని పిలవడమే దాని భావమని ప్రాచీన వ్యాఖ్యాతలు వివరించారు. కొన్ని శతాబ్దాల తరువాత లాటిన్ కవి వర్జిల్ కూడా, శవం దొరకని డైఫోబస్‌కు ఖాళీ సమాధి కట్టించి ముమ్మారు పిలిచానని తన కథానాయకుడు ఈనియస్ చేత చెప్పించాడు.

ఎవరు ఎవరిని చూచి నేర్చుకున్నారన్న వాదంలోకి నేను దిగను. అటువంటి వాదాలలో పదార్థం కన్న పౌరుషం ఎక్కువ. మనవారు పిలిచేది తిరిగి రమ్మని, గ్రీకులు పిలిచింది వెంట రమ్మని. ఈ తేడాను మాత్రం మనసులో పెట్టుకొని ముందుకు సాగితే రెండు జాతుల పరలోకాలూ మరికొంత స్పష్టంగా కనిపిస్తాయి.

గ్రీకుల పరలోకానికీ దాని ప్రభువుకూ పేరొక్కటే, హేడీస్. కనిపించనివాడు అని ఆ పేరుకు ప్రాచీనులు చెప్పుకున్న అర్థం. ఒడిస్సీ పదకొండవ సర్గలో ఒడిస్యూస్ అక్కడికి బతికుండగానే వెళతాడు. ఓడెక్కి, మహాసముద్రపు అంచున సూర్యుడి ముఖమెరుగని చీకటి దేశం చేరి, కత్తితో మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గొయ్యి తవ్వుతాడు. అందులో మొదట తేనె కలిపిన పాలు, తరువాత ద్రాక్షసారా, ఆపైన నీళ్ళు పోసి, మీద యవల పిండి చల్లుతాడు. చివరికి గొర్రెల రక్తం. ఆ రక్తం తాగితేనే ప్రేతాలకు మాట్లాడే శక్తి వస్తుంది.

జందెం కుడి భుజం మీదికి మార్చుకొని, దక్షిణాభిముఖంగా కూర్చొని, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమగా నువ్వులతో నీళ్ళు విడవడం చూచినవారికి ఈ గొయ్యి పరాయిదనిపించదు. రక్తం సంగతి అటుంచితే వరుస అదే, పదార్థాలూ ఇంచుమించు అవే. చచ్చిపోయినవారికి దాహం వేస్తుందనీ, దాన్ని తీర్చవలసినవారు బతికున్నవారేననీ రెండు చోట్లా నమ్మకం ఒక్కటే.

ఆ గొయ్యి దగ్గరికి ఒడిస్యూస్ తల్లి ఆంటిక్లియా కూడా వస్తుంది. తాను యుద్ధానికి బయలుదేరేనాటికి ఆమె బతికే ఉంది. కొడుకు మీద బెంగతో పోయానని చెబుతుంది. అతడు ముమ్మారు కౌగిలించుకోబోతాడు, ముమ్మారూ నీడలా జారిపోతుంది. చచ్చినవారందరికీ నువ్వే రాజువి కదా అని అకిలీస్‌ను ఓదార్చబోతే, ఇక్కడ ఏలడం కన్న పైలోకంలో భూమిలేని పేదవాడి దగ్గర పాలేరుగా బతకడం మేలని ఆ మహావీరుడు బదులిస్తాడు. హోమరు పరలోకంలో సామాన్యులకు శిక్ష లేదు, సుఖమూ లేదు. టాంటలస్, సిసిఫస్ వంటి ఇద్దరు ముగ్గురు తప్ప అక్కడ అందరూ ఒకే మసకలో తిరుగుతుంటారు.

మన ఋగ్వేదంలోని యమలోకం ఇంతకన్న చాలా ఆహ్లాదకరమైనది. అక్కడి యముడు దండనాథుడు కాడు, మరణించిన మొదటి మనిషి. తరువాత వచ్చే అందరికీ దారి కనిపెట్టిపెట్టినవాడు. పచ్చని చెట్టుకింద దేవతలతో కలిసి పానం చేస్తూ ఉంటాడు. దారికి కాపలాగా నాలుగేసి కన్నులున్న రెండు కుక్కలు మాత్రం ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు శబల. గ్రీకుల ద్వారం దగ్గరి కుక్క కెర్బెరస్ పేరు దీనికి చుట్టమేనని 19వ శతాబ్దపు భాషావేత్తలు ముచ్చటపడ్డారు. నేటి పండితులలో చాలామంది ఆ సంబంధాన్ని ఒప్పుకోరు. పేర్లు కలవకపోయినా కుక్కలు కలిశాయి, అంతవరకు చాలు.

ఆ చెట్టునీడ యముడికి చిత్రగుప్తుడూ చిట్టాలూ పాశమూ కొరడాలూ తరువాతి పురాణకాలంలో వచ్చి చేరాయి. గ్రీసులోనూ అదే జరిగింది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో ప్లేటో తన రిపబ్లిక్ గ్రంథాన్ని ముగిస్తూ చెప్పిన ఎర్ అనే సైనికుడి కథనాటికి తీర్పు వచ్చింది, వెయ్యేండ్ల శిక్ష వచ్చింది, పునర్జన్మ కూడా వచ్చింది. తరువాతి జన్మను ఎంచుకొనే వేళ ఒడిస్యూస్ ఆత్మ, ఏ కీర్తీ లేని ఒక మామూలు మనిషి బతుకును ఏరి కోరి పట్టుకుంటుంది. హోమరు అకిలీస్ చేత అనిపించిన మాటకు ప్లేటో ఇచ్చిన జవాబు అదేనని నాకనిపిస్తుంది.

ఇక నదుల సంగతి. గ్రీకులకు స్టిక్స్, అకెరాన్, లీథీ మొదలైనవి, మనకు వైతరణి. గ్రీకు శవం నోటిలో ఒక నాణెం పెట్టేవారు, నావ నడిపే కేరాన్‌కు రేవు కూలిగా. హోమరుకు ఈ కేరాన్ తెలియడు, తరువాతివాడు. తవ్వకాలలో బయటపడ్డ సమాధులలో నాణెం ఉన్నవాటికన్న లేనివే ఎక్కువ. మనకు నావ లేదు. అవసానకాలంలో దానమిచ్చిన గోవు తోక పట్టుకొని దాటాలి. గోవుకు బదులు రొక్కం చేతిలో పెట్టి పని కానిచ్చుకోవడం కూడా పాత సంగతే. 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చేదాకా కొవ్వూరునుంచి రాజమహేంద్రవరం చేరాలంటే రైలో, పడవో తప్ప దారిలేని జనం, అఖండ గోదావరి అవతలి గట్టు కనిపించనంత వెడల్పున పారడం చూచి పెరిగిన జనం, వైతరణిని ఊహించుకోవడానికి పెద్దగా కష్టపడి ఉండరు.

విశేషమేమిటంటే ఈ నదులు కల్పితాలు కావు. అకెరాన్ వాయవ్య గ్రీసులోని ఎపిరస్ ప్రాంతంలో ఇప్పటికీ పారుతోంది. దాని ఒడ్డున మృతులతో మాట్లాడించే ప్రశ్నస్థానం ఒకటుండేదని హెరొడోటస్ రాశాడు. కొరింత్ నియంత పెరియాండర్, ఒక దాపుడు సొమ్ము జాడ తెలుసుకోవడానికి చనిపోయిన భార్య మెలిస్సాను అడిగి రమ్మని అక్కడికి మనుషులను పంపాడట. ఆమె చెప్పనంది. తనకు చలిగా ఉందనీ, తనతో పూడ్చిన బట్టలను దహనం చేయలేదు గనుక అవి తనకు అందలేదనీ కబురంపింది. ఆమె చావుకు ఆ భర్తే కారకుడు. అయినా ఆమె అడిగింది బట్టలే. పెరియాండర్ ఏం చేశాడంటే, ఊళ్ళోని ఆడవారినందరినీ హేరా దేవాలయానికి రప్పించి, పండుగని కట్టుకొచ్చిన మంచి బట్టలన్నీ ఒలిపించి గోతిలో వేసి కాల్పించాడు. పన్నెండవనాడు వస్త్రదానం పుచ్చుకొనే మన బ్రాహ్మణుడు ఎంత మెరుగో!

ఆ ప్రశ్నస్థానం దొరికిందని 1958లో తవ్వకాలు మొదలుపెట్టిన సొటీరియస్ డాకారిస్ ప్రకటించాడు. చీకటి నడవలు, భూగర్భపు గది, ప్రేతాలను పైకి లేపే యంత్రపు కంచు చక్రాలు! చాలాకాలం లోకం నమ్మింది. అవి ప్రేతయంత్రాలు కావు, రాళ్ళు, బాణాలు విసిరే యుద్ధయంత్రాల భాగాలు అని డీట్‌వుల్ఫ్ బాట్జ్ అనే జర్మన్ పండితుడు తరువాత తేల్చాడు. కట్టడం కూడా కోటగోడలున్న కమతం అయి ఉండవచ్చునని నేడు పలువురి అభిప్రాయం. యాత్రికులు మాత్రం పరలోక ద్వారమనే చూచి వస్తున్నారు.

మన వైతరణి ఒడిశాలో ఉంది. జాజ్‌పూర్ పట్టణం దాని ఒడ్డునే. ఆ జాజ్‌పూర్‌కు గోదావరి సీమతో ఉన్న బంధుత్వం పిఠాపురంలో కనబడుతుంది. గయాసురుడి తల బీహారులోని గయలో, నాభి జాజ్‌పూర్‌లో, పాదాలు పిఠాపురంలో పడ్డాయని కథ. శిరోగయ, నాభిగయ, పాదగయ. గంగ దగ్గర మొదలై వైతరణి మీదుగా మన తీరందాకా పడుకున్న ఒక రాక్షసుడి ఒడలే ఇక్కడ పితృలోకపు పటం. పిఠాపురం నేటి ఊరు కాదు. నాలుగవ శతాబ్దంలో సముద్రగుప్తుడు గెలిచానని అలహాబాదు స్తంభం మీద చెక్కించుకున్న రాజులలో పిష్టపురపు మహేంద్రుడొకడు. 634 నాటి ఐహోళె శాసనం పులకేశి పిష్టపురాన్ని జయించినట్లు చెబుతోంది. కుక్కుటేశ్వరాలయం పక్కనున్న కోనేట్లో మునిగి, గట్టున పిండాలు పెట్టేవారితో మహాలయ పక్షంలో ఇప్పటికీ ఊరు నిండిపోతుంది.

గయాసురుడు చేసిన నేరమేమిటో తెలిస్తే జాలి కలుగుతుంది. అతడి శరీరం పరమ పవిత్రం. తాకినవాడల్లా స్వర్గానికి పోతున్నాడు. యమలోకం ఖాళీ అయింది. దేవతలకు కంగారు పుట్టి, యజ్ఞం చేసుకోవడానికి నీ ఒళ్ళు కావాలని అడిగారు. ఇచ్చాడు. ఏడురోజులపాటు కోడి కూసేదాకా కదలకూడదన్నారు, కదలలేదు. ఏడవ రాత్రి శివుడు కోడిపుంజై వేళగాని వేళ కూశాడు. తెల్లవారిందనుకొని కదిలాడు, చచ్చాడు. పోతూ పోతూ తన పేరిట ఈ చోట్లలో పితరులకు పుణ్యగతులు కలగాలని మాత్రం అడిగాడు. స్థలపురాణాన్ని భక్తితో వినేవారు సైతం ఇక్కడ ఆ కోడికూతను చూచి ఒక్క నిమిషం ఇబ్బంది పడతారు.

గ్రీకులలో ఈ పాత్ర వైద్యుడు అస్క్లీపియస్‌ది. చచ్చినవారిని బతికిస్తుంటే తన ప్రజలు తగ్గిపోతున్నారని హేడీస్ వెళ్ళి జ్యూస్‌కు ఫిర్యాదు చేశాడు. జ్యూస్ పిడుగుతో వైద్యుణ్ణి కొట్టాడు. పరలోకం నిండుగా ఉండవలసిందే, లేకపోతే ఈ లోకం నడవదన్న లెక్క ఇరువైపులా కుదిరింది. యముడికి పని లేకుండా పోవడమనే ముచ్చటను మనవారు 1977 నాటి "యమగోల"దాకా లాక్కొచ్చారు. కైకాల సత్యనారాయణ యముడి ముందు ఎన్.టి.ఆర్. కార్మిక సంఘం పెట్టించడం చూచి నవ్వనివారెవరు? ఏథెన్సు వారూ నవ్వారు. క్రీస్తుపూర్వం 405లో అరిస్టోఫెనీస్ "కప్పలు" నాటకంలో డయొనైసస్ దేవుడే చచ్చిన కవిని వెనక్కి తెచ్చుకోవడానికి హేడీస్‌కు బయలుదేరతాడు. ఆ నాటకంలో కేరాన్ ఒక మాట అంటాడు, దాని వెనుక నవ్వులాట లేదు. నౌకాయుద్ధంలో పోరాడినవాడైతేనే తప్ప బానిసను నావ ఎక్కించుకోనంటాడు. ఆ యుద్ధం గురించి చెప్పేముందు మన కవుల దగ్గర కొంచెం ఆగాలి.

రాజమహేంద్రవరంలో రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి శ్రీనాథుడు అంకితమిచ్చిన కాశీఖండంలో శివశర్మ అనే బ్రాహ్మణుడు మరణానంతరం విమానంలో లోకాలన్నీ చూస్తూ పోతాడు. అతడికి ఎదురుపడిన యముడు సౌమ్యుడు. పుణ్యాత్ముడికి అలా, పాపికి భయంకరంగా కనిపిస్తాడని వెంటనున్న విష్ణుదూతలు చెబుతారు. చూచేవాడిని బట్టి మారే యముడు నాకు పురాణాల చిత్రహింసల పట్టికలకన్న ఎక్కువ నచ్చాడు. అంతకన్న నచ్చినవాడు, 14వ శతాబ్దంలో మారన తెనిగించిన మార్కండేయ పురాణంలోని విపశ్చిత్తు. చేసిన చిన్న తప్పుకు గడియసేపు నరకం చూచి వెళ్ళవలసిన రాజతడు. వెళ్ళబోతుంటే, ఒక్క నిమిషం నిలవమని నరకంలోని జనం కేకలు పెడతారు. అతడి ఒంటిమీదుగా వచ్చే గాలి తగిలి వారి మంటలు చల్లారుతున్నాయి. అయితే ఇక్కడే ఉంటానంటాడు రాజు. ఇంద్రుడూ యముడూ స్వయంగా వచ్చినా కదలడు. తన పుణ్యమంతా ధారపోసి వారిని విడిపించిన తరువాతే స్వర్గానికి వెళతాడు. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు చేసిందీ ఇటువంటిదే.

ఒడిస్యూస్ అలా కాదు. ప్రేతాలు గుంపులుగా మీదికి వస్తుంటే, పెర్సెఫొనీ ఏ గోర్గాన్ తలను పంపుతుందోనని హడలి ఓడ దగ్గరికి పరుగెత్తాడు. అతడిని తప్పు పట్టలేను. అతడు బతికున్నవాడు, ఇల్లు చేరవలసినవాడు.

అయితే ఆ గొయ్యి దగ్గర అతడికి అందరికన్న ముందు ఎదురైన ప్రేతం ఎవరిదో చెప్పలేదు కదా. ఎల్పెనోర్ అనే కుర్రవాడిది. వీరుడేమీ కాడు. తాగి మిద్దెమీద పడుకొని, మెలకువ వచ్చిన తొట్రుపాటులో కిందపడి మెడ విరిగినవాడు. తొందరలో శవాన్ని వదిలేసి వచ్చారు. నన్ను దహనం చేయండి, సముద్రపు ఒడ్డున దిబ్బ కట్టండి, బతికుండగా నేను తోటివాళ్ళతో కలిసి వేసిన తెడ్డును దానిమీద పాతండి అని వేడుకుంటాడు. ఒడిస్యూస్ వెనక్కి వెళ్ళి అలాగే చేస్తాడు. ఇలియడ్‌లో పాట్రొక్లస్ ప్రేతం కూడా ఇదే అడుగుతుంది. సంస్కారం జరగనిదే నది దాటనివ్వడం లేదని మొరపెట్టుకుంటుంది. వర్జిల్ లెక్కలో అటువంటివారు నూరేండ్లు ఇవతలి గట్టునే తిరగాలి.

కేరాన్ చెప్పిన నౌకాయుద్ధం క్రీస్తుపూర్వం 406 నాటి ఆర్గినూసే. ఏథెన్సు గెలిచింది. కాని మునిగిన తమ ఓడలలోని వారిని, బతికున్నవారినీ శవాలనూ, తుఫాను వల్ల సేనానులు ఏరి తీసుకురాలేకపోయారు. గెలిచి వచ్చిన ఆ సేనానులలో ఆరుగురికి ఏథెన్సు ప్రజలు మరణశిక్ష వేసి అమలు జరిపారు. ఆనాటి సభానిర్వాహకులలో సోక్రటీసు ఉన్నాడు, ఆ విచారణ చట్టవిరుద్ధమని ఎదురు నిలిచాడు. తరువాత ప్రజలు పశ్చాత్తాపపడ్డారు. ప్రజాస్వామ్యపు దుడుకుతనానికి ఉదాహరణగా చరిత్రకారులు దీన్ని చెబుతుంటారు. నాకు మాత్రం శవం దొరకని ఇళ్ళలోని మనుషులు కూడా ఆ సభలో కూర్చొని ఉంటారని అనిపిస్తుంది.

గోదావరి సముద్రంలో కలిసే చోట ఈ సంగతి పుస్తకాలలోది కాదు. 1839లో కోరంగిని ముంచిన ఉప్పెనలో ఎందరు పోయారో లెక్క నేటికీ వివాదమే. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తుఫాను తీరం దాటినప్పుడు వెయ్యిమందికి పైగా మరణించారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి పల్లెలనుంచి వేటకు వెళ్ళిన మత్స్యకారులలో ఎందరో తిరిగి రాలేదు, శవాలుగా కూడా. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగింది. అందులో ఉన్నది 77 మంది. ప్రాణాలతో బయటపడ్డది 26 మందే. ఒడ్డున కాచుకొని కూర్చున్న బంధువులకు పడవ కనిపించింది 38వ రోజున, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం దాన్ని పైకి లాగినప్పుడు. అన్నాళ్ళూ వారు అడిగింది మనిషిని కాదు, శవాన్ని. దింపుడు కళ్ళానికి కూడా ఒక ఒడలు కావాలి.

శవం దొరకనప్పుడు ఏం చేయాలో ధర్మశాస్త్రకారులు ఆలోచించకపోలేదు. మూడువందల అరవై మోదుగ ఆకుల కాడలను దర్భలతో కలిపి, తలకిన్ని, చేతులకిన్ని, రొమ్ముకిన్ని అని లెక్కపెట్టి మనిషి ఆకారంగా కట్టి, దానికి దహనం చేయమన్నారు. కనిపించకుండా పోయినవాడికైతే పన్నెండేళ్ళు ఎదురుచూడమన్న మాట ప్రసిద్ధం. ఆంగ్లేయులు చేసిన 1872 నాటి సాక్ష్య చట్టం ఏడేళ్ళంది. 2024లో దాని స్థానంలో అమలుకు వచ్చిన కొత్త చట్టమూ ఆ ఏడేళ్ళనే ఉంచింది. మధ్యకాలంలో ఆ ఇల్లాలు బొట్టు పెట్టుకోవాలా, తీసేయాలా అన్న ప్రశ్నకు శాస్త్రమూ చట్టమూ రెండూ మౌనమే.

ఏథెన్సులో వసంతకాలపు ఆంథెస్టీరియా పండుగ మూడవనాడు, ప్రేతాలు ఊళ్ళోకి వస్తాయని రకరకాల గింజలు కలిపి కుండలో వండి పాతాళపు హెర్మీస్‌కు పెట్టేవారు. పొద్దుగూకగానే, పండుగైపోయింది ఇక పొమ్మని కేకలు పెట్టి ప్రేతాలను తరిమేసేవారు. మనం తరమం. తర్పణం ముగిసిన తరువాత, తడిసిన బట్టను నేలమీద పిండి ఆ నీళ్ళను కులంలో సంతానం లేకుండా పోయినవారికి విడుస్తాం. దానికి నిష్పీడనోదకమని పేరు. సొంత పితరుల పేర్లు అయిపోయాక, గురువులకూ స్నేహితులకూ ఆశ్రితులకూ కూడా నీళ్ళు విడిచే కారుణ్య తర్పణం ఉండనే ఉంది.

ఆ వెసులుబాటును గోదావరి రైతులు ఎంత దూరం తీసుకుపోయారంటే, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి ఈ డెల్టాకు అన్నం పెట్టిన సర్ ఆర్థర్ కాటన్‌ను కూడా పితరులలో కలుపుకున్నారు. పుష్కరాలలో ఆయనకు పిండప్రదానం చేసినవారి వార్తలు పత్రికలలో వచ్చాయి. గోత్రం తెలియదు, శాస్త్రం ఒప్పుతుందో లేదో పురోహితుడికే తెలియాలి. కాటన్ 1899లో ఇంగ్లండులోని డార్కింగ్‌లో మరణించాడు. అక్కడే పూడ్చారు. నువ్వులూ నీళ్ళూ మాత్రం ఇక్కడ, ఆయన కట్టిన ఆనకట్టకు ఎగువన విడుస్తున్నారు.